522002: బ్రాడీపేట పిన్‌కోడ్‌ను లెక్కల్లో చివరిదాకా విప్పడం ఎలా?

గుంటూరు బ్రాడీపేటకు కొరియర్ పంపాలంటే చిరునామా కింద 522002 అని రాస్తాం. పిన్‌కోడ్లు 1972 ఆగస్టు 15న వచ్చాయి. మొదటి మూడంకెలను బట్టి బట్వాడా దారి తేలుతుంది: 522 అయితే గుంటూరు, 520 అయితే విజయవాడ. చివరి మూడంకెలు బట్వాడా చేసే తపాలా కార్యాలయాన్ని చెబుతాయి. తపాలావాళ్ళకు దానితో ఉన్న పని అంతే. అదే ఆరంకెలను ఒక సంఖ్యగా చూస్తే, ఐదు లక్షల ఇరవై రెండు వేల రెండుగా చూస్తే, అందులో చాలా సరుకుంది: ముందు దాన్ని ప్రధాన కారణాంకాలుగా విడగొడతాం, తర్వాత రెండు వర్గాల మొత్తంగా రాస్తాం. అన్ని పిన్‌కోడ్లూ వదిలేసి దీన్నే పట్టుకోవడానికి కారణం ఏడో మెట్టు దగ్గర తెలుస్తుంది.

కావలసినవి గళ్ళ నోటుపుస్తకం, పెన్సిలు, 35 లోపు ప్రధాన సంఖ్యల జాబితా: 2, 3, 5, 7, 11, 13, 17, 19, 23, 29, 31. కాలిక్యులేటర్ దగ్గర పెట్టుకోండి, కానీ సరిచూసుకోవడానికే వాడండి. ఎందుకో తర్వాత చెబుతాం.

మొదటి మెట్టు: ఎక్కడిదాకా వెతకాలి?

722 వర్గం 5,21,284. 723 వర్గం 5,22,729. మన సంఖ్య ఈ రెంటి మధ్య ఉంది కాబట్టి హద్దు 722. ఒక సంఖ్యను రెండు సంఖ్యల లబ్ధంగా రాస్తే, రెండూ 722 దాటడం కుదరదు. దాటితే లబ్ధం 5,22,729కి తగ్గదు. కాబట్టి 722 లోపు ప్రధాన సంఖ్యల్లో ఒక్కటీ భాగించకపోతే మన సంఖ్యే ప్రధాన సంఖ్య.

722 లోపు ప్రధాన సంఖ్యలు 128 ఉన్నాయి. ఆ లెక్క చూసి పుస్తకం మూసేయకండి. ఒక్కో కారణాంకం దొరికినప్పుడల్లా హద్దు దిగిపోతుంది. ఇక్కడైతే మూడు దెబ్బల్లో 34కి వస్తుంది.

రెండో మెట్టు: చూడగానే తేలిపోయేవి

చివరి అంకె 2, కాబట్టి 2తో పోతుంది. చివరి రెండంకెలు 02. రెండును 4 భాగించదు కాబట్టి 4తో పోదు. అంటే ఈ సంఖ్యలో 2 ఒక్కసారే ఉంది. చివర 0 గానీ 5 గానీ లేదు, 5తో పోదు, శేషం 2. అంకెల మొత్తం 5+2+2+0+0+2 = 11. దాన్ని 3తో భాగిస్తే శేషం 2, 9తో భాగించినా 2. కాబట్టి 3, 9 కూడా పోవు.

పోనివాటి శేషాలను కూడా ఒక పక్కన రాసి ఉంచండి. కారణాంకం కాకపోతే శేషంతో పనేముందని చాలామంది కొట్టేస్తారు. ఏడో మెట్టు మొత్తం ఆ శేషాల మీదే నడుస్తుంది.

మూడో మెట్టు: 7, 11, 13 ఒకే దెబ్బకు

7 × 11 × 13 = 1001. కాబట్టి ఈ మూడింటిలో దేనితో భాగించినా 1000కి శేషం −1 అన్నట్టే. సంఖ్యను కుడివైపు నుంచి మూడేసి అంకెలుగా విడగొట్టి, చివరి ముక్కలోంచి ముందు ముక్కను తీసేస్తే చాలు:

002 − 522 = −520

గుంటూరు కోడ్‌లోంచి తేలింది విజయవాడ కోడ్! దీని వెనక గణిత రహస్యమేమీ లేదు, కాకతాళీయమే.

520 = 13 × 40. కాబట్టి 13తో పోతుంది. 520ని 7తో భాగిస్తే 2 మిగులుతుంది, 11తో భాగిస్తే 3. ఈ రెండూ పోవు.

తప్పు జరిగేది సరిగ్గా ఇక్కడే. మనకు వచ్చింది 520 కాదు, −520. భాగం పోతుందా లేదా అన్నంతవరకూ గుర్తుతో పని లేదు గానీ శేషం కావాలంటే ఉంది. 7తో అసలు శేషం 2 కాదు, 7 − 2 = 5. 11తో అసలు శేషం 3 కాదు, 11 − 3 = 8. నమ్మకం కుదరకపోతే సరిచూడండి: 7 × 74,571 = 5,21,997, మిగిలింది 5. 11 × 47,454 = 5,21,994, మిగిలింది 8.

నాలుగో మెట్టు: భాగించుకుంటూ హద్దు దించుకుంటూ

522002 ÷ 2 = 2,61,001. కొత్త హద్దు 510.

2,61,001 ÷ 13 = 20,077. కొత్త హద్దు 141.

దొరికిన కారణాంకాన్ని ఇంకోసారి ప్రయత్నించాలి. ఇది మర్చిపోతే ఒకే ప్రధాన సంఖ్య రెండుసార్లు ఉన్న సంఖ్యల్లో బోల్తా పడతారు. 20,077లో 13 × 1,544 = 20,072, ఇంకా 5 మిగిలింది. కాబట్టి 13 పని అయిపోయింది.

తర్వాత 17. దీనికి మంచి చిట్కా ఉంది: చివరి అంకెను ఐదుతో హెచ్చించి, మిగతా భాగంలోంచి తీసెయ్యాలి. 51 అనేది 17కి గుణిజం కాబట్టి ఈ చిట్కా పనిచేస్తుంది.

2007 − 35 = 1972
197 − 10 = 187
18 − 35 = −17

పోతుంది. 20,077 ÷ 17 = 1,181. ఈ చిట్కా పోతుందో లేదో మాత్రమే చెబుతుంది, శేషం ఎంతో చెప్పదు. శేషం కావాలంటే మామూలుగా భాగించుకోవలసిందే.

ఇక మిగిలింది 1,181. 34 వర్గం 1,156; 35 వర్గం 1,225. కాబట్టి హద్దు 34. 2, 3, 5, 7, 11 అసలు సంఖ్యనే భాగించలేదు లేదా అయిపోయాయి; 13 కూడా అయిపోయింది. చూడవలసినవి ఐదే: 17తో శేషం 8, 19తో 3, 23తో 8, 29తో 21, 31తో 3. ఏదీ పోలేదు. 1,181 ప్రధాన సంఖ్య.

522002 = 2 × 13 × 17 × 1181

128 ప్రధాన సంఖ్యలు ప్రయత్నించాలేమో అని మొదలుపెట్టి, 31 దాటకుండానే ముగించాం.

సరిచూసుకోవడం: 2 × 13 × 17 = 442. దాన్ని 1,200తో హెచ్చిస్తే 5,30,400. అందులోంచి 442 × 19 = 8,398 తీసేస్తే 5,22,002. తొమ్మిదుల పరీక్ష కూడా చేయొచ్చు: 2, 13, 17, 1181లను 9తో భాగిస్తే శేషాలు 2, 4, 8, 2. వాటి లబ్ధం 128, అంకెలు కూడితే 11, మళ్ళీ కూడితే 2. మొదట వచ్చిన శేషం కూడా 2 కాబట్టి సరిపోయింది. కానీ రెండంకెలు అటూ ఇటూ తారుమారైతే ఈ పరీక్ష పట్టుకోలేదు. దాని మీదే భారం వేయకండి.

ఐదో మెట్టు: కారణాంకాలు చేతికొచ్చాక ఉచితంగా వచ్చేవి

నాలుగు ప్రధాన కారణాంకాలూ ఒక్కోసారే ఉన్నాయి. ఒక్కోదాన్ని తీసుకోవచ్చు, వదిలెయ్యొచ్చు. కాబట్టి మొత్తం కారణాంకాలు 2 × 2 × 2 × 2 = 16. అవి: 1, 2, 13, 17, 26, 34, 221, 442, 1181, 2362, 15353, 20077, 30706, 40154, 261001, 522002. జాబితా సరిగా ఉందో లేదో చూడాలంటే మొదటిదాన్ని చివరిదానితో, రెండోదాన్ని చివరి నుంచి రెండోదానితో హెచ్చించండి. ప్రతి జంటా 522002 ఇవ్వాలి.

వాటి మొత్తం కావాలంటే పదహారూ కూడక్కర్లేదు. ఒక్కో ప్రధానానికి ఒకటి కలిపి హెచ్చించండి: 3 × 14 × 18 × 1182 = 8,93,592. ఇందులో ఆ సంఖ్యను మినహాయిస్తే 3,71,590. ఇది 522002 కన్నా తక్కువ. రెండూ సమానమైతే పరిపూర్ణ సంఖ్య అంటాం (6, 28 లాగా). ఇది దానికి చాలా దూరంలో ఆగిన లోటు సంఖ్య. ప్రధాన కారణాంకం రెండుసార్లు వస్తే ఈ 'ఒకటి కలుపు' సూత్రం పనికిరాదని గుర్తుంచుకోండి. ఉదాహరణకు 9కి 1+3+9 = 13 వేయాలి, 4 × 4 కాదు.

1 నుంచి 522002 దాకా ఉన్నవాటిలో దీనితో ఉమ్మడి కారణాంకం లేనివి ఎన్ని? ఈసారి ఒకటి తీసేసి హెచ్చించాలి: 1 × 12 × 16 × 1180 = 2,26,560. నూటికి సుమారు 43.

ఆరో మెట్టు: రెండు వర్గాల మొత్తంగా రాయడం

బ్రాడీపేటలో ఇల్లు చెప్పాలంటే ఎన్నో లైను, ఎన్నో అడ్డరోడ్డు అని చెబుతారు. గళ్ళ కాగితం మీద కూడా అంతే: అటు ఇన్ని గళ్ళు, ఇటు ఇన్ని గళ్ళు. రెండు వర్గాలనూ కూడితే నేరుగా ఉండే దూరానికి వర్గం వస్తుంది. ఇప్పుడు ప్రశ్న: ఆ మొత్తం సరిగ్గా 522002 అయ్యేలా అటూ ఇటూ ఎన్నేసి గళ్ళు నడవాలి?

ముందు అసలు కుదురుతుందా? బేసి ప్రధాన కారణాంకాలను 4తో భాగించండి. 13, 17, 1181 మూడింటికీ శేషం 1. శేషం 1 వచ్చే ప్రతి ప్రధాన సంఖ్యనూ రెండు వర్గాల మొత్తంగా ఒకే ఒక్క విధంగా రాయొచ్చు. ఇది ఫెర్మా చెప్పిన మాట, ఆయిలర్ నిరూపించాడు. శేషం 3 వచ్చే ప్రధానం (3, 7, 11 లాంటివి) బేసిసార్లు ఉంటే మాత్రం కథ అక్కడితో ఆగిపోతుంది. మనకు అలాంటిది లేదు. శేషం 1 వచ్చేవి మూడు, ఒక్కోటీ ఒక్కోసారే ఉన్నాయి. మొదటిదాని తర్వాత కలిపే ప్రతిదానికీ విధానాలు రెట్టింపవుతాయి కాబట్టి మొత్తం 2 × 2 = 4. ఇందులో 2 ఉండటం వల్ల లెక్క పెరగదు, తరగదు.

విడివిడిగా రాసుకుందాం: 13 = 2² + 3², 17 = 1² + 4². 1181కి పెద్ద వర్గం నుంచి కిందికి రండి: 1181 − 34² = 25. మొదటి ప్రయత్నంలోనే దొరికింది. 1181 = 34² + 5².

వీటిని కలపడానికి బ్రహ్మగుప్తుడి సూత్రం వాడతాం. ఆయన బ్రాహ్మస్ఫుటసిద్ధాంతం 628 నాటిది. మొదటి జంట (క, ఖ), రెండో జంట (గ, ఘ) అనుకుంటే, లబ్ధానికి రెండు జంటలు వస్తాయి:

ఒకటి: క×గ − ఖ×ఘ, క×ఘ + ఖ×గ
రెండు: క×గ + ఖ×ఘ, క×ఘ − ఖ×గ

రుణ గుర్తు వస్తే తీసెయ్యండి. వర్గం చేశాక అది ఎలాగూ పోతుంది. (2, 3), (1, 4) వేస్తే 13 × 17 = 221కి (10, 11), (14, 5) వస్తాయి. 100 + 121, 196 + 25 రెండూ 221 అవుతున్నాయి.

ఇప్పుడు ఒక్కోదాన్నీ (34, 5)తో కలపాలి. (10, 11) నుంచి 340 − 55 = 285, 50 + 374 = 424; అలాగే 395, 324. (14, 5) నుంచి 451, 240. అలాగే 501, 100. ఇవన్నీ 2,61,001కి. నోటితో సరిచూడగలిగేది చివరిది: 2,51,001 + 10,000.

మిగిలిన 2ని కలపడం అన్నిటికన్నా తేలిక. ప్రతి జంటలో రెండింటినీ కూడి ఒకటి, తీసివేసి ఒకటి రాయాలి:

522002 = 709² + 139²
522002 = 719² + 71²
522002 = 691² + 211²
522002 = 601² + 401²

సరిచూడటానికి చివరిది: 3,61,201 + 1,60,801 = 5,22,002. ఇంకో విధానం ఉందేమోనని వెతకక్కర్లేదు, నాలుగేనని ముందే తేలింది. అటుదిటూ ఇటుదటూ మార్చి, గుర్తులు కూడా మార్చి లెక్కేస్తే ఒక్కో జంటకు 8 చొప్పున, గళ్ళ కాగితం మీద ఆ దూరంలో మొత్తం 32 బిందువులు ఉంటాయి.

రెండు వర్గాల భేదంగా రాయగలమా అని అడిగితే మాత్రం కుదరదు. 4తో భాగిస్తే 2 మిగిలే ఏ సంఖ్యకూ అది సాధ్యం కాదు.

ఏడో మెట్టు: ఆ ఎనిమిది సంఖ్యలను మళ్ళీ చూడండి

709, 139, 719, 71, 691, 211, 601, 401. ఎనిమిదీ ప్రధాన సంఖ్యలే!

అదృష్టం అనిపిస్తుంది. కాదు, ఇంకోలా జరగడానికి వీల్లేదు. పక్కన రాసి పెట్టుకున్న శేషాలను ఇప్పుడు తియ్యండి.

జంటలో ఒక సంఖ్యను 7 భాగిస్తుందనుకుందాం. అప్పుడు రెండోదాని వర్గాన్ని 7తో భాగిస్తే వచ్చే శేషమే 522002కీ రావాలి, అంటే 5. కానీ వర్గాలను 7తో భాగిస్తే 0, 1, 2, 4 మాత్రమే మిగులుతాయి. 5 ఎప్పటికీ రాదు. కాబట్టి ఎనిమిదింటిలో ఏదీ 7కి గుణిజం కాలేదు. (మూడో మెట్టులో గుర్తు మర్చిపోయి శేషం 2 అని రాసుకున్నవాళ్ళు ఇక్కడ ఇరుక్కుంటారు, ఎందుకంటే 2 వర్గాల జాబితాలో ఉంది. 11 దగ్గర 8కి బదులు 3 రాసుకున్నా ఇదే గతి.)

మిగతావి (19, 23లకు ఇక్కడ కావలసింది 1,181 శేషాలు కాదు, అసలు 522002 శేషాలు):

3తో: శేషం 2. వర్గాలకు 0, 1 మాత్రమే వస్తాయి.
5తో: శేషం 2. వర్గాలకు 0, 1, 4.
11తో: శేషం 8. వర్గాలకు 0, 1, 3, 4, 5, 9.
19తో: శేషం 15. వర్గాలకు 0, 1, 4, 5, 6, 7, 9, 11, 16, 17.
23తో: శేషం 17. వర్గాలకు 0, 1, 2, 3, 4, 6, 8, 9, 12, 13, 16, 18.

ఎక్కడా మన శేషం జాబితాలో లేదు. 13, 17ల సంగతి వేరు: ఇవి 522002ను భాగిస్తాయి. జంటలో ఒకదాన్ని 13 భాగిస్తే రెండోదాన్నీ భాగించాలి. అప్పుడు 169 కూడా 522002ను భాగించాలి. భాగించదని నాలుగో మెట్టులోనే చూశాం. 17కీ అంతే. ఇక 2: జంటలో ఒకటి సరి అయితే మొత్తం సరి కావడానికి రెండోదీ సరి కావాలి, అప్పుడు 4తో పోవాలి. పోదు.

కాబట్టి 23 దాకా ఏ ప్రధాన సంఖ్యా ఈ ఎనిమిదింటిలో దేన్నీ భాగించదు. తర్వాతి ప్రధానం 29, దాని వర్గం 841. మన సంఖ్యలన్నీ 722 లోపువే. 1 అనే సంఖ్య కూడా వాటిలో లేదు, ఎందుకంటే 522001 వర్గ సంఖ్య కాదు. ప్రధాన సంఖ్యలు కాక వేరే దారి లేదు. ఆ నాలుగు జంటలనూ కనుక్కోకముందే, ఒట్టి శేషాలను చూసి ఈ మాట చెప్పెయ్యొచ్చు.

యంత్రంతో చేసేటప్పుడు

మామూలు దుకాణం కాలిక్యులేటర్‌లో 522002 ÷ 19 కొడితే 27473.789 అని వస్తుంది. దశాంశ భాగం .789ని 19తో హెచ్చిస్తే 14.991, అంటే శేషం 15. దీన్ని 14 అని రాసుకునేవాళ్ళు ఎక్కువ. 27473 × 19 = 5,21,987 అని వేసి తీసివేయడమే నమ్మకమైన పద్ధతి.

ఎక్సెల్ 15 అంకెల దాకానే నిలబెట్టుకుంటుంది. పదహారో అంకె వేస్తే దాన్ని సున్నా చేసేస్తుంది. పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో పూర్ణాంకాలకు అలాంటి హద్దు లేదు గానీ భాగహారానికి ఒక గీత (/) పెడితే దశాంశంలోకి వెళ్ళిపోతుంది, 9,00,71,99,25,47,40,992 దాటాక కచ్చితత్వం పోతుంది. రెండు గీతలు (//) పెట్టాలి.

పదంకెల ఫోన్ నంబర్‌ను విప్పాలంటే హద్దు లక్ష లోపు, ఆ లోపు ప్రధాన సంఖ్యలు 9,592. చేత్తో కాని పని, కంప్యూటర్‌కు క్షణం పని. ప్రధానమా కాదా అన్నది మాత్రమే కావాలంటే మిల్లర్-రాబిన్ పరీక్ష చాలు. 2, 3, 5, 7, 11 అనే ఐదు ఆధారాలతో (పరీక్షకు ఎంచుకునే సంఖ్యలతో) చేస్తే 21,52,30,28,98,747 కన్నా చిన్న సంఖ్యలన్నిటికీ తప్పు లేని జవాబు వస్తుంది. దాని బదులు ఒట్టి ఫెర్మా పరీక్ష (ఆధారాన్ని ఆ సంఖ్య కన్నా ఒకటి తక్కువసార్లు తనతో తానే హెచ్చించి, ఆ సంఖ్యతో భాగిస్తే 1 మిగులుతుందా అని చూసేది) వాడకండి. 561 = 3 × 11 × 17, మనందరికీ తెలిసిన 1729 = 7 × 13 × 19 లాంటివి ప్రధానాలు కాకపోయినా, తమతో ఉమ్మడి కారణాంకం లేని ఏ ఆధారంతో చూసినా ఆ పరీక్షలో పాసైపోతాయి.

మీరు చేసి చూడటానికి: విజయవాడ లబ్బీపేట, 520010

చివర 10 ఉంది, 2, 5 వెంటనే పోతాయి; 52,001 మిగులుతుంది. చిన్న ప్రధానాలతో వరసగా వెళ్తే 149 దాకా ఏదీ దొరకదు, విసుగొస్తుంది. ఇక్కడ ఫెర్మా వర్గభేద పద్ధతి పట్టుకోండి. 229 నుంచి మొదలుపెట్టి ఒక్కో సంఖ్య వర్గంలోంచి 52,001 తీసేస్తూ, మిగిలింది వర్గ సంఖ్యేమో చూడాలి. చివర 2, 3, 7, 8 వస్తే చూడకుండానే వదిలెయ్యొచ్చు. 21వ ప్రయత్నంలో 249² = 62,001; తీసేస్తే 10,000, అంటే 100². కాబట్టి 52,001 = (249 − 100)(249 + 100) = 149 × 349. ఇదే పద్ధతిని గుంటూరు 2,61,001 మీద వాడితే 191 ప్రయత్నాలు పడుతుంది, ఎందుకంటే అక్కడ 221, 1181 ఒకదానికొకటి చాలా దూరం. రెండు కారణాంకాలు దగ్గరగా ఉన్నప్పుడే ఇది లాభం.

520010 = 2 × 5 × 149 × 349. మళ్ళీ నాలుగు ప్రధానాలు, మళ్ళీ 16 కారణాంకాలు; మొత్తం 3 × 6 × 150 × 350 = 9,45,000. 5, 149, 349 మూడూ 4తో భాగిస్తే 1 మిగిలేవే కాబట్టి మళ్ళీ నాలుగు విధానాలు. 149 = 10² + 7², 349 = 18² + 5² అని పెట్టుకుని ఆరో మెట్టు నడిపిస్తే:

569² + 443²
673² + 259²
721² + 13²
611² + 383²

పైకి గుంటూరుకు అచ్చం కవల. కానీ 259 = 7 × 37, 721 = 7 × 103, 611 = 13 × 47. 520010ని 7తో భాగిస్తే మిగిలేది 1. అది వర్గాల జాబితాలో ఉంది, కాబట్టి 7 లోపలికి రాగలిగింది. 13తో భాగిస్తే మిగిలేది 10. అది 6 వర్గానికి వచ్చే శేషమే. 611కి, ఆ పక్క జంటలోని 13కి తలుపు తెరిచింది అదే.